డబ్బా తెరవకముందే లోపలున్నవాళ్ళు

మహిళా సంఘాల పత్రికలో కంప్యూటర్ల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు ముందే నవ్వారు. ఏజెన్సీలో పోడు భూముల్లో కందకాలు తవ్వుతుంటే, ఇంట్లో తన్నులు తిని అర్ధరాత్రి తలుపు తట్టే ఆడవాళ్ళుంటే, నీకు సాఫ్ట్‌వేర్ గొడవ దొరికిందా అని ఒకావిడ ముఖం మీదే అడిగింది. సబబైన ప్రశ్నే. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇది మన పనికి బయటి విషయమో లోపలి విషయమో చదివాక మీరే తేల్చుకోండి.

పరిశోధన పని మీద నేను చాలా ఏళ్ళుగా ఖమ్మానికీ భద్రాచలానికీ మధ్య తిరుగుతున్నాను. ఆ అడవి అంచున పనిచేసే ఒక చిన్న మహిళా సంఘానికి రికార్డుల విషయంలో సాయం చేస్తుంటాను. ఆఫీసంటే రెండు గదులు, ముందు రేకుల వరండా. పాత కంప్యూటర్ వానాకాలం తేమకి పనిచేయడం మానేశాక, ప్రాజెక్టు డబ్బుల్లో మిగిలినదానితో ఖమ్మంలో ఒక కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. "అంతా రెడీ చేసి ఇస్తాను మేడమ్, మీరు ఆన్ చేసుకోవడమే" అన్నాడు షాపులో కుర్రాడు. మేమూ సంతోషించాం. నూట ఇరవై కిలోమీటర్లు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాం.

తెరిచి చూస్తే లోపల అప్పటికే సంసారం నడుస్తోంది. ముప్ఫై రోజులు ఉచితమనే యాంటీవైరస్, మిఠాయిలు పేల్చే ఆట, సినిమాలు చూపించేదొకటి, సరుకులు అమ్మేదొకటి, ఫొటోలకు మెరుగులు దిద్దేదొకటి, ఏ సాయం చేస్తుందో ఎవరికీ తెలియని "సహాయకుడు" ఒకటి. మేము అడిగినవి రెండే: ఉత్తరాలు రాసుకోవడానికొకటి, లెక్కలు వేసుకోవడానికొకటి. ఆ రెండూ మాత్రం నెలరోజుల గడువు మీదే ఉన్నాయి. ఫోన్ చేస్తే, "అవి కంపెనీవి మేడమ్, ఉండనివ్వండి. తీస్తే వారంటీ పోతుంది" అన్నాడా కుర్రాడు. ప్రోగ్రాం తీసేసినంత మాత్రాన యంత్రానికిచ్చిన వారంటీ పోదు. ఆ సంగతి నాకూ అప్పుడు గట్టిగా తెలియదు. పీహెచ్‌డీ చేసినదాన్ని, నేనూ "సరే బాబూ" అని పెట్టేశాను.

ఇబ్బంది మొదట డబ్బు రూపంలో వచ్చింది. అక్కడ ఇంటర్నెట్టంటే ఎవరో ఒకరి సెల్‌ఫోనే. ఫోన్‌కిచ్చిన రోజు కోటా ఉదయం పదకొండు గంటలకే అయిపోయేది. మేము పంపింది రెండు ఉత్తరాలు. మిగతాదంతా ఎవరు తిన్నారంటే, ఆ అడగని చుట్టాలే. ఒక్కోటి తనను తాను కొత్తగా చేసుకోవడానికి, ఎక్కడో ఉన్న తన యజమానికి కబురు పంపుకోవడానికి మన డేటా వాడుకుంటాయి. వాటిని పోషించే ఖర్చు మాత్రం కార్యకర్త జేబులోది.

రెండోది భయం. రికార్డులు ఎక్కించే అమ్మాయి ఇరవై మూడేళ్ళ కోయ యువతి, ఇంటర్ దాకా చదివింది. ఒకరోజు గృహహింస కేసు వాంగ్మూలం టైపు చేస్తుంటే తెర మూలన ఎర్రగా ఒక పెట్టె లేచింది. మీ కంప్యూటర్‌కి రక్షణ లేదు, ప్రమాదంలో ఉంది, వెంటనే డబ్బు కట్టండి అని ఇంగ్లీషులో. ఆ పిల్లకి "ప్రమాదం" అన్న మాట ఒక్కటే అర్థమైంది. మూత వేసేసి, రెండురోజులు దాని దగ్గరికి పోలేదు. మూడోరోజు నేను వెళ్తే, "నేనే పాడుచేశాననుకున్నా అక్కా, జీతంలో పట్టుకుంటారేమోనని చెప్పలేదు" అంది. ఏ వస్తువు పాడైనా తప్పు తనదేనని ఆడపిల్లకి నేర్పిన సమాజంలో, బెదిరించి అమ్మే ఆ ఎర్రపెట్టె ఎవరి మీద బాగా పనిచేస్తుందో వేరే చెప్పాలా? అది గడువు తీరబోతున్న యాంటీవైరస్ వాళ్ళ వ్యాపార ప్రకటన. అంతకు మించి ప్రమాదమేమీ లేదు.

అసలు ప్రమాదం మూడోది. అది శబ్దం చేయలేదు.

నాలుగు నెలలకి, "మీకిచ్చిన ఉచిత స్థలం నిండిపోయింది" అని ఒక కబురు వచ్చింది. ఏ స్థలం? మేమెక్కడా స్థలం అడగలేదే? తవ్వుకుంటూ పోతే తేలిందేమిటంటే, యంత్రంతో పాటే వచ్చిన ఒక ప్రోగ్రాం మేము దాచుకున్న ప్రతి ఫైలునీ నకలు తీసి దూరాన ఉన్న ఏదో కంపెనీ గిడ్డంగికి పంపుతోంది. పంపుతున్నది మా ఖాతాకి కూడా కాదు. షాపులో "రెడీ" చేసిన రోజున కుర్రాడు ఏదో ఒక మెయిల్ ఖాతా తెరిచి, దానికి తన ఫోన్ నంబరు ఇచ్చి, పని కానిచ్చేశాడు. అంటే పదకొండు మంది స్త్రీల వాంగ్మూలాలు, వాళ్ళు తలదాచుకున్న ఊళ్ళ పేర్లు, ఒకామె గర్భస్రావం వివరాలు, పోడు పట్టా దరఖాస్తుల నకళ్ళు, అన్నీ ఒక ఖాతాలో ఉన్నాయి. ఆ ఖాతా తాళంచెవి ఖమ్మంలో, మాకు ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక మగవాడి జేబులో ఉంది.

అతను దుర్మార్గుడని నేననడం లేదు. చెబితే హడలిపోయాడు. నంబరు మార్చిచ్చాడు, తానెప్పుడూ తెరవలేదన్నాడు. నమ్మాను కూడా. కానీ ఒక స్త్రీ ప్రాణానికి సంబంధించిన కాగితం భద్రంగా ఉండటానికి ఒక కుర్రాడి మంచితనం తప్ప మరో ఆధారం లేకపోవడమేమిటి?

పాత పద్ధతిలో ఈ కాగితాలు ట్రంకుపెట్టెలో ఉండేవి. తాళంచెవి సంఘంలో అందరికన్నా పెద్దామె కొంగున ఉండేది. పోలీసులు వచ్చినా, సర్పంచి మనిషి వచ్చినా, ఆమె "పిల్లలు లేరు, రేపు రండి" అనేది. మన ప్రాంతం సంగతి మీకు తెలియంది కాదు. చర్ల, దుమ్ముగూడెం దాటితే ఛత్తీస్‌గఢ్. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఎవరితో మాట్లాడారు అన్నది ఇక్కడ ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ పనికొచ్చే సమాచారమే. భద్రాచలం బజారు దాటి కాస్త దూరం నడిస్తే, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ఎటపాక వస్తుంది. అక్కడి నుంచి ఒకామె పారిపోయి ఇటు వస్తే ఆమె ఇటున్నదన్న మాటే ఆమెకు అపాయం. అటవీ హక్కుల చట్టం కింద పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఆ రెండో పేరు ఎక్కించమని పోరాడిన ఆడవాళ్ళ ఫైళ్ళూ అందులోనే ఉన్నాయి. కొందరి ఇళ్ళలో ఆ దరఖాస్తు సంగతి మగవాళ్ళకి అప్పటికి చెప్పనేలేదు.

ఆ పదకొండు మందికీ ఈ సంగతి చెప్పాలా వద్దా అని సంఘంలో ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. చెబితే మన మీద నమ్మకం పోతుందని కొందరు. ఏమీ జరగలేదు కదా, ఎందుకు భయపెట్టడమని మరికొందరు. నేను చెప్పాల్సిందేనన్నాను. తన గురించిన కాగితం ఎక్కడికి పోయిందో తెలుసుకునే హక్కు ఆమెదయినప్పుడు, ఆమె భయపడుతుందని మనం నిర్ణయించడం ఏ రకం పెద్దరికం? చివరికి ఇళ్ళకి వెళ్ళే చెప్పాం. చాలామందికి గిడ్డంగి, ఖాతా, ఇవేవీ అర్థం కాలేదు. ఒకామె మొత్తం విని ఒక్కటే అడిగింది: "నా మొగుడికి తెలుస్తదా?" తెలియదని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో ఉండాల్సినంత ధీమా లేదని ఆమెకి తెలిసిపోయింది.

ఇలా ముందే నింపి అమ్మే సరుకుని ఇంగ్లీషు వాళ్ళు బ్లోట్‌వేర్ అంటారు. మన మాటలో కడుపుబ్బరం. ఎందుకు నింపుతారన్నదానికి మర్మమేమీ లేదు. యంత్రం అమ్మితే మిగిలేది తక్కువ. తమ ప్రోగ్రాం అందులో పెట్టినందుకు యాంటీవైరస్ వాళ్ళూ ఆటల వాళ్ళూ తయారీదారుకి డబ్బిస్తారు. కొన్నవాళ్ళలో కొందరైనా భయపడో బద్ధకించో డబ్బు కడతారని వాళ్ళ లెక్క. ఇల్లు కిరాయికిచ్చి, ఓనరు తన సామాన్లు రెండు గదుల్లో వదిలేసి, పైగా ఆ గదులు ఊరివాళ్ళకి కిరాయికిచ్చుకున్నట్టు. మనం కట్టే కిరాయి మాత్రం మొత్తం ఇంటికి.

ఇది ఉత్త చికాకుతో పోయేదనుకుంటే పొరపాటు. 2014లో లెనోవో కంపెనీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ వాళ్ళ ప్రోగ్రాం ఒకటి ముందే పెట్టి అమ్మింది. మనం చూసే పేజీల మధ్యలో ప్రకటనలు దూర్చడం దాని పని. బ్యాంకు పేజీల వంటి తాళం వేసిన పేజీల్లోనూ దూరడానికి, అది యంత్రంలో తన సొంత మారుతాళం బిగించింది. ఆ యంత్రాలన్నిటికీ మారుతాళంచెవి ఒకటే. ఒకటి దొరికితే అన్ని ఇళ్ళూ తెరుచుకున్నట్టే. 2015 ఫిబ్రవరిలో ఇది బయటపడి గగ్గోలయింది. 2017లో ఆ కంపెనీ అమెరికాలోని 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

చవక ఫోన్లలో సంగతి మరీ ఘోరం. 2019లో కొందరు పరిశోధకులు 1700కి పైగా ఫోన్లలో ముందే పెట్టి వచ్చిన 82 వేలకు పైగా యాప్‌లను పరిశీలించారు. ఎవరికీ తెలియకుండా సమాచారం బయటికి పంపే ఏర్పాట్లు వాటిలో విస్తారంగా కనిపించాయి. 2020 జనవరిలో ప్రైవసీ ఇంటర్నేషనల్‌తో కలిసి 50కి పైగా సంస్థలు గూగుల్‌కి బహిరంగ లేఖ రాశాయి. చవక ఫోన్ కొన్నవాళ్ళ నుంచి ఇలా రహస్యం దోచుకోవద్దని అందులో కోరారు. ఆ లేఖ మన ఊళ్ళ గురించే. ఖరీదైన ఫోన్ కొనలేనిది ఎవరు? ఇంట్లో మగవాడు వాడి పారేసిన ఫోన్ ఎవరి చేతికొస్తుంది?

మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి 1337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ తయారీదారులు తన యాప్‌లన్నీ మూటగా పెట్టి తీరాలని షరతు పెట్టడం అందులో ఒక నేరం. ముందే వచ్చిన యాప్‌లను వాడుకరులు తీసేసుకుంటే అడ్డుపడకూడదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాని ఖాయం చేసింది, తీసేసుకునే హక్కుకి సంబంధించిన ఆ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. అంటే మనకి నేరుగా పనికొచ్చేదే పోయింది.

కంపెనీలనే తిట్టి ఊరుకుంటే అన్యాయమవుతుంది. 2025 నవంబర్ 28న కేంద్ర టెలికాం శాఖ, దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోన్లోనూ సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్‌ను 90 రోజుల్లోగా ముందే పెట్టి ఇవ్వాలనీ, దాని పనిని ఆపేసే వీలు ఉండకూడదనీ తయారీదారులను ఆదేశించింది. పోయిన ఫోన్లు వెతకడానికీ, మోసాలు అరికట్టడానికీ అన్నారు. నిజమే కావచ్చు. దేశమంతా గొడవ చేశాక డిసెంబర్ 3న ఆ ఆదేశం వెనక్కి తీసుకున్నారు. అయిదారు రోజుల్లో ముగిసిన ఈ వ్యవహారాన్ని మనం మరచిపోకూడదని నా అభిప్రాయం. వ్యాపారి డబ్బు కోసం చేసేదాన్ని రాజ్యం రక్షణ పేరుతో చేస్తుంది. "నీ మంచికోసమే, నిన్ను అడిగేదేముంది" అన్న మాట ఆడవాళ్ళకి కొత్త కాదు కదా, తండ్రి నుంచీ అన్న నుంచీ విన్నదే.

ఇక్కడే ఇది మన విషయమవుతుంది. మౌనం అర్ధాంగీకారమని ఒక సామెత ఉంది. ఈ సామెతతో స్త్రీల ఉద్యమం దశాబ్దాలుగా పోట్లాడుతోంది. ఒంటిమీద గాయాల్లేవు కనుక ఒప్పుకున్నట్టేనని 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు అంటే, దేశంలోని మహిళా సంఘాలన్నీ రోడ్డెక్కాయి. 1983లో చట్టం మారింది. మథుర ఆదివాసీ పిల్ల. కంప్యూటర్‌నీ ఆ ఘోరాన్నీ ఒకే గాటన కట్టడం లేదు, అలా కడితే తప్పు. కానీ అంగీకారం అనే మాటకి మనం రక్తం ధారపోసి సంపాదించుకున్న అర్థాన్ని, ముందే గీత పెట్టి ఉంచిన చిన్న గడిలోనూ, "తరువాత", "తరువాత" అని నొక్కించే బొత్తాంలోనూ పోగొట్టుకుంటున్నామనే నా బాధ. ఏజెన్సీలో వేలిముద్ర చరిత్ర మనకు తెలుసు. చదవరాని కాగితం మీద షావుకారు వేయించుకున్న వేలిముద్రల వెనక ఎన్ని ఎకరాలు పోయాయో, 1/70 చట్టం వచ్చాక కూడా ఎవరి పేర బినామీగా ఎవరు దున్నుకున్నారో, ప్రతి గూడెంలోనూ చెప్పేవాళ్ళున్నారు. నలభై పేజీల ఇంగ్లీషు షరతుల కింద "ఒప్పుకుంటున్నాను" అని నొక్కే వేలు ఆ వేలే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ విషయంలో కాగితం మీద మంచి మాటే చెప్పింది. అంగీకారం స్వేచ్ఛగా, తెలిసి, ఏ షరతూ లేకుండా, తనంత తాను చేసిన స్పష్టమైన చర్యగా ఉండాలంది. అంటే మౌనం చాలదు, ముందే పెట్టిన గీత చాలదు. ఏ సమాచారం దేనికి తీసుకుంటున్నారో ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలివ్వాలంది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. సరే, తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది. కోయ భాష లేదు. మా ఆఫీసుకొచ్చే సగం మంది ఆడవాళ్ళు బాధ చెప్పుకునేది కోయలోనే.

ఆ చట్టం చదువుతుంటే నన్ను పట్టి కుదిపింది మాత్రం వేరే ఆలోచన. అది కంపెనీలకే కాదు, పేర్లూ వివరాలూ కంప్యూటర్‌లో దాచే మన సంఘాలకీ వర్తిస్తుంది. ఆ పదకొండు మంది మాటలు ఎక్కించేముందు, "నీ కథ ఈ యంత్రంలో పెడుతున్నాం, ఫలానావాళ్ళు చూస్తారు, వద్దంటే నోటు పుస్తకంలోనే ఉంచుతాం" అని మేమెవరమైనా అడిగామా? లేదు. మంచిపని చేస్తున్నాం కదా అనుకున్నాం.

ఇక మేమేం చేశామో చెప్తాను, మీకూ పనికొస్తుంది. ముందుగా మా పేర, మా నంబరుతో కొత్త ఖాతా పెట్టుకుని, పాత ఖాతాలోకెక్కిన ఫైళ్ళన్నీ, చెత్తబుట్టలో మిగిలినవాటితో సహా తుడిచి, ఆ ఖాతానే మూసేయించాం. నకలు పంపే పని ఆపేశాం. ఒక జాగ్రత్త: ఆపే ముందు ఫైళ్ళు నిజంగా యంత్రంలో ఉన్నాయో, గిడ్డంగిలోనే ఉండి పేరు మాత్రం ఇక్కడ కనిపిస్తోందో చూసుకోవాలి. లేకపోతే తుడిచేది మన ఒకే ఒక్క ప్రతిని అవుతుంది. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి ఒక్కొక్కటే చదివి తీసేశాం. యాంటీవైరస్ తీస్తే ఎలా అని అందరూ భయపడ్డారు. విండోస్‌లోనే డిఫెండర్ అనే కాపలా ఒకటుంది, ఇవతలిది పోగానే అదే పనిలోకి దిగుతుంది. తెర, శబ్దం, వైఫై వంటివాటిని నడిపించే డ్రైవర్ల జోలికి పోలేదు. పేరు చూసి ఏమిటో తెలియనిదాన్ని తెలుసుకునేదాకా ఉంచాం. కంపెనీ ఇచ్చిన పద్ధతిలో యంత్రాన్ని మొదటికి తెస్తే ఈ చుట్టాలన్నీ తిరిగొస్తారని కూడా అప్పుడే తెలిసింది.

అడక్కుండా వచ్చినవన్నీ చెడ్డవని కాదు. విండోస్ ఎక్స్‌పీతో మొదటిసారి తెలుగక్షరాలు యంత్రంతోనే వచ్చాయి. వాటి పేరు గౌతమి, మన గోదావరి పేరే. అంతకుముందు ఒక ఆఫీసులో కొట్టిన తెలుగు ఇంకో ఆఫీసులో పిచ్చిగీతల్లా కనిపించేది, ఆ బాధ పడ్డవాళ్ళకి తెలుసు. ఈ గొడవంతా లేకుండా లినక్స్‌కి మారిపొమ్మని సలహా ఇచ్చే మిత్రులున్నారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఆ దారిలో తెలుగు కోసం చాలాకాలంగా పనిచేస్తోంది. సూత్రంగా నేనూ వాళ్ళ పక్షమే. కానీ మా పాత రికార్డులన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి, నిధులిచ్చేవాళ్ళ నివేదిక పట్టికలు వాళ్ళ పద్ధతిలోనే తెరుచుకుంటాయి. సిద్ధాంతం ఒకచోట, ఆఫీసు ఒకచోట అయింది. ప్రస్తుతానికి అంతే.

నిధులిచ్చే సంస్థల్లో పనిచేసే మిత్రులకి ఒక మాట. ల్యాప్‌టాప్‌కి బడ్జెట్ ఇస్తారు, దాన్ని శుభ్రం చేసి, నేర్చుకుని, తాళాలు మార్చుకునే రెండు రోజుల కూలికి ఇవ్వరు. ఆ పని ఎప్పుడూ "ఎవరో తెలిసిన కుర్రాడు" ఉచితంగా చేసిపెట్టాల్సిందే. ఎందుకు? టైపు చేసేది ఆడపిల్ల, తాళంచెవి పట్టేది మగపిల్లాడు అన్న విభజన మన సంఘాల్లోనే సాగుతుంటే బయటివాళ్ళననేదేముంది? మాకు జరిగినదానిలో నా వంతు తప్పు అదే. ఆన్ చేయడం ఆ అమ్మాయి పని అనుకున్నాను, "రెడీ" చేయడం ఆమె పని అనుకోలేదు.

ఇప్పుడా తీసేసే పని ఆ అమ్మాయే చేస్తుంది. మొదటిరోజు యాంటీవైరస్ వాళ్ళు, "నిజంగా వెళ్ళిపోతారా, రక్షణ లేకుండా ఉంటారా" అని మూడుసార్లు అడిగితే, ప్రతిసారీ నా వైపు చూసింది. ఆటల దగ్గరికి వచ్చేసరికి చూడటం మానేసింది. ఏది ఎప్పుడు తీసిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటోంది. వచ్చే నెల హైదరాబాద్ నుంచి ఎవరో రెండు ల్యాప్‌టాప్‌లు పంపుతున్నారని తెలిసి నాకు ఫోన్ చేసింది.

"అక్కా, వాళ్ళని రెడీ చేయొద్దనండి. సీలు కూడా తీయకుండా పంపమనండి."